ఎటు దిక్కు?

స్టూడియోలో నాకొక ఆకాశం ఉన్నది.
పరదా మీద మా ఉస్తాద్ గీసిపోయిన నీలం,
ఎడమ మూలన దూదిపింజల్లాంటి రెండు మబ్బులు.
పందొమ్మిదేండ్ల సంది అవి కురవలేదు, కదలలేదు.
వాటి ముందు నెక్కొండ పిల్లలంతా
గడ్డం కొంచెం పైకెత్తి పెద్దోళ్లయిండ్రు.

అందుకే కావచ్చు,
ఉగాది దాటి ఎండ ముదిరి
పగటీలి ఉక్కపోసిందంటే చాలు
షట్టర్ సగం దించి
బండి మీద ట్రైపాడ్ అడ్డంగా కట్టుకొని
రైలు గేటు దాటి పోత.
గుట్టా మేడా అడ్డం రాని చెలక అది.
అక్కడ మొగులు
ఈ కొస నుంచి ఆ కొస దాకా
విప్పి దులిపిన గొంగడి లెక్క పరుచుకుంటది.

ఆ రోజు మూడున్నరకు
పడమటి కొసన గోరంత నలుపు.
లెన్సులోంచి చూస్తే గోరంత కాదు.
కింద ఇటుక రంగు దుమ్ము,
మీద ఉడుకుతున్న పాలపొంగు,
నడుమ కుంపటిని ఎవరో ఊదుతున్నట్టు
లోలోపలే మెరుపు.
బాగుంది అనుకున్న.
ఇంకా నల్లబడనీ అనుకున్న.
పెండ్లి ఆల్బం కవరు కెమెరాకు తొడిగి
మెరుపుకూ ఉరుముకూ నడుమ అంకెలు లెక్కబెట్టిన.
పదిహేను.
పదకొండు.
ఆరు కాకముందే తుమ్మలన్నీ ఒక్క దిక్కుకు వంగినయి,
చించి పారేసిన చిట్టీల లెక్క కొంగలు ఎగిరిపోయినయి.
నాలుగూ పదిహేడుకు దొరికింది పిడుగు.
నీళ్లు దొరకక నేల దాకా దిగిన
తెల్లటి వేరు.

తర్వాత రాళ్లవాన.
హెల్మెట్ మీద కంకర పోసినట్టు.
కెమెరాను కడుపుకు అదుముకొని
కల్వర్టు కింద కూసున్న, నవ్వుకుంట.

ఫోటో పెద్దది చేయించి గోడకు పెట్టిన.
చూసినోళ్లంతా ఒక్క నిమిషం మాట మానేసిండ్రు.
కింది అంచున మాత్రం
దారప్పోగంత ఎర్ర గీత ఒకటి,
దాని మీద ఏదో చుక్క.
అడ్డమనిపించి కోసేద్దామనుకున్న. మరిచిపోయిన.

వారం తిరగకముందే మొగిలమ్మ వచ్చింది.
పంట నష్టం కాగితానికి అంటించను
పాస్‌పోర్టు సైజు ఫోటో కావాలట.
స్టూలు మీద కూసుండి కొంగు సవరించుకున్నది.
"కండ్లు ఇటు" అన్న.
ఆమె కండ్లు నా ఎనుక గోడ మీదున్నయి.
లేచిపోయి, మిరప ఘాటు ఇడువని వేలుతో
ఎర్ర గీతను ముట్టుకున్నది.
"ఇది నా కల్లం."
చుక్క మీద వేలు ఆగింది.
"ఇది నేను. పరదా కోసం ఉరుకుతున్న."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"నువ్వెప్పుడు చూసినవ్ బిడ్డా దీన్ని?"
మూడున్నరకు అన్న.
వేళ్ల కణుపుల మీద ఏదో లెక్క చూసుకున్నది,
ఉరుములను నేను లెక్కబెట్టినట్టే.
"ముప్పావు గంట" అన్నది.
తిట్టినట్టు కాదు,
కాంట మీద తూకం చదివినట్టు.
"ఒక్క కేకేస్తే అయిపోవు గద."
మళ్లా స్టూలు మీద కూసున్నది.
గడ్డం ఎత్తమని నేను చెప్పలేకపోయిన.

ఇప్పుడు నా ఫోనులో
ఇంటిపేర్లతో కాదు, దిక్కులతో నంబర్లున్నయి.
పడమటి ఓదెలు, గేటవతలి సారక్క,
మక్కచేను బాలమల్లు.
నలుపు గోరంత కాంగనే
ట్రైపాడ్ కాళ్లు విప్పకముందే వరుసగా కొడత.
మంచి వెలుతురంతా ఆ మాటల్లనే పోతది.
సగం ఫోటోలు వంకర.
గోడ మీద ఆ పాతదే ఉన్నది, ఎర్ర గీతతోని.

నిన్న మొగిలమ్మ ఫోనెత్తంగనే
"ఎటు దిక్కు?" అన్నది.
"మీ దిక్కే, అవ్వా."
అవతల పరదా దులిపిన చప్పుడు.
ఫోను పెట్టకుండనే ఎవరినో కేకేసింది,
"కొసలకు రాళ్లు పెట్టుండ్రి!"
తర్వాత నాతోని:
"తియ్యి, తియ్యి.
ఈసారి నన్ను జర దగ్గరగ తియ్యి."